నోరు తెరిచిన చేపపిల్లలు

దిదిభాయి వదినగారికి మీ మరదలి ప్రణామాలు.

ఇక్కడ అందరం బాగున్నాం, పెరటి చెరువులోని బొచ్చె చేపపిల్లలు తప్ప. పొద్దునా సాయంత్రం కొద్దికొద్దిగా తవుడు, ఆవాల చెక్క వేస్తేనే అవి ఎదుగుతాయని మీ తమ్ముడు చెప్పారు. అత్తయ్యగారు మాత్రం రేవులో కాలు పెట్టినప్పుడల్లా దోసెడు విసురుతారు. తినగా మిగిలింది అడుగున కుళ్ళి నీరు చెడింది. తెల్లవారేసరికి పిల్లలన్నీ ఊపిరాడక పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

అది చూసి ఆవిడ కోడలినైన నాతో, "చూడు బౌమా, పాపం ఎంత ఆకలో! నా కొడుకు ఉత్త పిసినారి" అంటూ ఇంకో దోసెడు వేస్తారు.

"అమ్మా, చచ్చిపోతాయే!" అని మీ తమ్ముడు మొత్తుకుంటే, "నిన్నూ ఇలాగే పెంచాను, చచ్చావా?" అన్నారు.

నిన్న కొన్ని వెల్లకిలా తేలాయి. ఇలాగే సాగితే చెరువులో నీళ్ళే మిగులుతాయి. దయచేసి ఆవిడను మీ ఇంటికి పిలిపించుకోండి. మీ అబ్బాయి చిక్కిపోయాడని రాస్తే చాలు, ఆ రోజే రైలెక్కుతారు.

నువ్వే చెప్పవచ్చు కదా అనకండి. మొన్న ధైర్యం చేసి నోరు తెరిచాను. "అయ్యో, బౌమాకూ ఆకలే!" అంటూ నోట్లో సందేశ్ మిఠాయి కుక్కారు.

మీ తమ్ముడి ఇల్లాలు