వర్లి అని రాసిన ఫారం

కామాటిపుర,
ముంబై,
శనివారం మధ్యాహ్నం

స్నేహల్ వాళ్ల నాన్నకు,

మంగళ నమస్కరించి రాసేది. ఇక్కడ నాకూ పిల్లకూ జ్వరాలు, దగ్గులు ఏమీ లేవు. ఒంటివరకు బాగున్నామని మాత్రం రాయగలను, అంతకు మించి రాయలేను. ఆ కొండల చలిలో, సొరంగం పనిలో మీ ఆరోగ్యం ఎలా ఉందో, నేను పంపిన రెండో స్వెట్టరు చేరిందో లేదో తెలపండి.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. మెట్ల కింద దూలానికి ఇనుప గొట్టం ఆనించి వెళ్లారు, మరమ్మతు ఇంకా మొదలుకాలేదు. నల్లా పొద్దున ఐదుంబావుకు వస్తోంది, ఆరున్నరకు ఆగిపోతోంది. బీపీ మాత్రలు మానలేదు. ఇక స్నేహల్ సంగతి. ఆదివారం ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది, ఏమైందని అడిగారు. అది ఫోనులో చెప్పేది కాదు. ఉన్నది ఒక్క గది, గోడకు అవతల రాజవ్వ చెవి. పిల్లకు తెలుగు చదవడం రాదు కాబట్టి దాని ఎదుటే కూర్చుని ఇది రాస్తున్నాను. సామాన్ల చీటీ అనుకుంటోంది.

పన్నెండో తరగతిలో పైస్థాయి ఇంగ్లీషు సాహిత్యం క్లాసుకు పద్దెనిమిది మందిని ఏరితే మన పిల్ల అందులో ఉందని మీరు సైటులో అందరికీ మిఠాయి పంచారు కదా. ఆ క్లాసు నీత మేడమ్‌ది. ఈ ఏడు వాళ్లకు ఒక నవల పెట్టారు. ఏదో చలిదేశం కథ. బట్టలుతికే ఆవిడ కూతురు పెద్దింట్లో పిల్లలకు చదువు చెప్పే పనిలో చేరి, నాకు తల్లి లేదని చెబుతుంది. ఒకరోజు తల్లి మూట నెత్తిన పెట్టుకుని ఆ ఇంటికే వస్తే, ఈవిడెవరో నాకు తెలియదంటుంది. నేను చపాతీలు ఒత్తుతుంటే స్నేహల్ ఏ రోజు అధ్యాయం ఆ రోజు చెప్పేది. రాజవ్వ కూడా గడప మీదికి వచ్చి కూర్చునేది.

"ఆ దొరసాని ముచ్చట యాడిదాక ఒచ్చిందే పోరీ? తల్లి మల్ల ఒచ్చిందా, లేదా?"

"థాంబ్ రాజవ్వా, జర ఆగు, పరీక్షల రాసేది నేనా, నువ్వా?"

"నేనే రాస్త. నువ్వు నల్లా కాడ నా బిందె పట్టుకో."

అలా నవ్వుకున్న ఇల్లు ఇది. తప్పెవరిదని మేడమ్ అడిగితే పదిహేడు మంది కూతురిదే అన్నారట. మన పిల్ల ఒక్కతే లేచి, "తల్లిది. మూడో అధ్యాయం చూడండి, ఎవరన్నా అడిగితే ఇట్ల చెప్పమని చిన్నప్పుడు నేర్పింది తల్లే" అన్నదట. మేడమ్ క్లాసంతటితో చప్పట్లు కొట్టించారట. అది చెబుతూ స్నేహల్ ఎగిరి గంతేసింది. పెనం మీద చపాతీ మాడింది.

మీకు గుర్తుందా, ఐదో తరగతిలో దాని పక్కన కూర్చునే పిల్ల తల్లి బడికి వచ్చి, ఆ గల్లీల పిల్ల దగ్గర మా అమ్మాయిని కూర్చోబెట్టొద్దని గొడవ చేసింది. ఆ సాయంత్రమే మనిద్దరం అనుకున్నాం, ఇక ఎక్కడా కామాటిపుర అని రాయకూడదని. ఆ పేరు వినగానే జనానికి ఒళ్లమ్ముకునే గల్లీలే తడతాయి, వాటి పక్క గల్లీలో కాపురముండే మనం కాదు. చాల్‌లో, ఈ ఒక్కగది కాపురాల్లో, అందరూ చేసేదే మనమూ చేశాం. ఎక్కడ ఏ చిరునామా ఇచ్చామో మరిచి దొరికిపోకూడదని నేను ఒక నోటుబుక్కు పెట్టాను. రేషను, బ్యాంకు నిజం. ఆసుపత్రి గ్రాంట్ రోడ్. బడి, కాలేజీ వర్లి, మా తమ్ముడు బుచ్చన్న ఇల్లు. ఏ ఫారం వచ్చినా ఆ పుస్తకం చూసే నింపాను. ఏడేళ్లలో ఒక్కసారి తప్పలేదు.

కిందటి నెల మేడమ్ ఆ నవల మీద వ్యాసం రాయమన్నారు. మీ సొంత ఇంట్లో దాచిన సంగతి రాయండి, ఒక్క అక్షరం కల్పించకూడదు, కల్పిస్తే సున్నా అన్నారు. మన పిల్ల ఈ గల్లీ గురించి, వర్లి అని రాసిన ఫారాల గురించి అంతా రాసింది. నాకు చెప్పలేదు. మేడమ్‌కు అది ఎంతో నచ్చింది. కాలేజీ పత్రికలో వేస్తామన్నారు.

పది రోజుల కిందట పిల్ల ఏడుస్తూ వచ్చింది. "నేను అబద్ధం రాసిన్నంటుర్రు అమ్మా. ఫామ్ తీసి చూపెట్టిర్రు, వర్లి అని ఉంది. సున్నా ఏసిర్రు. క్లాసుల కూసోవద్దన్నరు." ఎల్లుండి సోమవారం ప్రిన్సిపాల్ ముందు విచారణ ఉంది. తప్పు ఒప్పుకోకపోతే ఆ క్లాసు నుంచి తీసేస్తారట. పిల్ల ఆ రోజు నుంచి పుస్తకం ముట్టలేదు. అన్నం ముందు పెడితే ముద్ద కలిపి వదిలేస్తుంది. పొద్దున లేస్తే ఒకటే మాట, "సోమవారం నువ్వు రా అమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతరు."

ఇక దాచలేను. పిల్లను అబద్ధాలకోరును చేసింది ఫారం కాదు, నేను.

దానికి రెండు రోజుల ముందు మేడమ్ నన్ను పిలిపించారు, అభినందించడానికి. టీ ఇప్పించారు. "మీ అమ్మాయి ధైర్యం చూసి గర్వపడాలి మీరు. వచ్చే శుక్రవారం క్లాసంతటినీ మీ గల్లీకి తీసుకొస్తాను, ఆ మెట్లు, ఆ గది వాళ్లు చూడాలి" అన్నారు. పద్దెనిమిది మంది మన గడపలో నిలబడటం నా కళ్లకు కట్టింది. తప్పుడు కాగితం పెట్టారని సీటు తీసేస్తారేమో అన్న భయం కూడా అప్పుడే పట్టుకుంది. నా నోటి నుంచి వచ్చేసింది: "మేడమ్, మేము వర్లిలోనే ఉంటాం. అమ్మాయికి కథలు అల్లే అలవాటు." ఏడేళ్లుగా ఎవరడిగినా చెప్పిన మాటే కాబట్టి తడుముకోకుండా చెప్పాను. మేడమ్ మొహం మాడిపోయింది. పిల్లకు నేను వచ్చినట్టు చెప్పవద్దని బతిమాలి, దండం పెట్టి వచ్చాను.

ఇప్పుడు నిజం చెబితే సీటే పోవచ్చు. చెప్పకపోతే ఆ పిల్ల ఇక ఎవరినీ నమ్మదు. పది రోజులుగా బియ్యం ఏరుతూ, బట్టలు ఆరేస్తూ ఇదే ఆలోచన. మీరు దగ్గర ఉంటే ఏం చేయమనేవారో అని ఎన్నిసార్లో అనుకున్నాను.

ఇంతవరకు రాసి, ఇక ఆగలేక కలం మూసి పిల్లకు అంతా చెప్పేశాను. దానికి చెప్పకుండా మీకు రాయడం కూడా దొంగతనంలాగే అనిపించింది.

పిల్ల అరవలేదు. "మేడమ్ ఆ రోజు నన్ను అడిగింది, మీ ఇంటి సంగతి మీ అమ్మ కంటే నీకు ఎక్కువ తెలుసా అని. అప్పుడు నాకు సమజ్ కాలే" అంది. చెప్పులు వేసుకుని గదుల ముందున్న గ్యాలరీలోకి వెళ్లి నిలబడింది.

వెనకే వెళ్లి, సోమవారం ఇద్దరం పోదాం బిడ్డా, రేషను కార్డు, కరెంటు బిల్లు తీసుకెళ్లి అంతా చెబుతాను అన్నాను.

తల తిప్పకుండానే అంది: "నేను రాను. అప్పుడు ఒక్కదానివే పోయి చెప్పినవ్ గదా. ఇప్పుడు గూడ ఒక్కదానివే పో."

వెళ్తాను. సీటు ఉంటుందో పోతుందో ఆ తర్వాత రాస్తాను. ఈ ఉత్తరం చేరాక ఫోనులో దాన్ని ఏమీ అడగకండి, నన్ను వెనకేసుకుని రాకండి. అది ఏమన్నా అంటే వినండి, చాలు. ఇంకా గ్యాలరీలోనే ఉంది. లోపలికి రమ్మని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

ఇట్లు,
మీ భార్య,
మంగళ