రెండో తరగతి ఫ్లోరా

జులై 6

మా బడి సగమైంది. మూడు, నాలుగు, ఐదు తరగతులను హైవే అవతలి హైస్కూల్లో కలిపేశారు. నాకు ఒకటి, రెండు మిగిలాయి. పేటలో అందరికీ నేనే నచ్చజెప్పి పంపాలట. సబ్జెక్టుకొక టీచరు, ల్యాబు, డిజిటల్ బోర్డు అని ఎంఈఓ హరినాథ్ సార్ మీటింగులో చెప్పిందే ఇల్లిల్లూ తిరిగి అప్పజెప్పాను. చిలక నాకంటే నయం, దానికి జామకాయన్నా దొరుకుతుంది.

కెజియా వాళ్లమ్మ సువార్తమ్మ ఒక్కటే అడిగింది. మా కెజియా ఆడికి పోతే పిల్లోడ్ని యాడ పెట్టి కూలికి పోవల్ల టీచర్ అని. ఇంటికొచ్చి జీవో మళ్లీ చదివాను. అందులో పిల్లోడి మాటే లేదు.

జులై 19

కెజియాకు తొమ్మిదేళ్లు. చూస్తే ఏడేళ్ల పిల్లనుకుంటారు. నిరుడు తమ్ముడు ఇస్సాకును చంకనేసుకుని బడికి వచ్చేది. వాడు నా టేబుల్ కింద పలక నాకుతూ కూర్చునేవాడు. రూల్ ప్రకారం తప్పే. ఆ రూల్ పట్టుకుంటే పేటలో సగంమంది ఆడపిల్లలు బడి మొహమే చూడరు.

ఒక్క టీచరున్న బడి ఎలా నడుస్తుందో పైవాళ్లకేం తెలుసు? పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేత దిద్దిస్తేనే నడుస్తుంది. నేను పై తరగతులకు లెక్కలు చెబుతుంటే ఒకటో తరగతిని కెజియా చూసుకునేది. నాకంటే గట్టిగా అరిచేది కూడా. ఇప్పుడు దిద్దించేవాళ్లు లేరు. నేను మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో అప్‌లోడ్ చేసుకుంటూ కూర్చుంటాను.

హైస్కూలు గేటు దగ్గరే ఇస్సాకును ఆపేశారట. కెజియా వారం పోయి మానేసింది.

ఆగస్టు 2

హైస్కూలుకు ఫోన్ చేశాను. పిల్ల రావడం లేదు కదా, నా దగ్గర కూర్చోబెట్టుకుంటాను, పేరు ఇటు మార్చండి అన్నాను. నాలుగో తరగతి మీ బడిలో లేదు కదమ్మా అన్నారు. పైగా ఆ అమ్మాయి రోజూ వస్తోందన్నారు. వాళ్ల హాజరులో కెజియా ఒక్కరోజు కూడా మానలేదు. పిల్లలు తగ్గితే పోస్టులు పోతాయని వాళ్ల భయం.

సాయంత్రం ఇంటికి పోతూ శిరివెళ్లలో బస్సెక్కి నంద్యాలలో దిగేదాకా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను.

ఆగస్టు 3

నా కూతురు చదివేది ప్రైవేటు స్కూల్లో. ఇదీ రాసి పెట్టుకోవాలి.

జనవరి 21

హరినాథ్ సార్ ఫోన్. పైనుంచి తనిఖీ టీం వస్తోందట. బడుల మెర్జర్ తర్వాత చదువులు మెరుగుపడ్డాయని చూపించాలట. రెండో తరగతిలో ఒక్కరన్నా తడబడకుండా కథ చదవాలి. ఎట్లన్నా చేసి గట్టెక్కించమ్మా, నీకు నేను చెప్పల్లనా అన్నాడు.

అందరి చేతా చదివించి చూశాను. ఒక్కరూ రెండో వాక్యం దాటలేదు. తిట్టాను. తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

ఫ్లోరా కాస్త నయం. అది అమ్మానాన్నలతో మిరపకోతకని గుంటూరు వైపు పోయింది. ఎప్పుడొస్తుందో తెలియదు.

జనవరి 23

సాయంత్రం సువార్తమ్మ ఇంటికి పోయాను. కెజియా అంట్లు తోముతోంది. ఎల్లుండి బడికి రమ్మన్నాను. చేతులకు మసి అలాగే ఉంది, లేచి నిలబడింది. ఎవరన్నా పేరడిగితే ఫ్లోరా అని చెప్పాలి అన్నాను.

అబద్ధం గదా టీచర్ అంది.

ఆదివారాలు చర్చిలో పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లెవేయించేదాన్ని నేను. ఒక్కరోజుకే అన్నాను.

జనవరి 25

చదివింది. ఎంత బాగా చదివిందో! కథలో ముసలమ్మ మాటలు గొంతు మార్చి మరీ చదివింది. టీం మేడం ఇంకో పేజీ తిప్పింది. అదీ చదివేసింది. చప్పట్లు. ఇస్సాకు టేబుల్ కిందనుంచి వాడూ చప్పట్లు కొట్టాడు.

పేరేంటమ్మా అని అడిగారు. నావైపు ఒకసారి చూసి ఫ్లోరా అంది. మేడం వీడియో తీసుకుంది. మెర్జర్ ఫలితం ఇదీ అంది. హరినాథ్ సార్ గోడమీద మ్యాపు చూస్తూ నిలబడ్డాడు, పిల్ల ఎవరో ఆయనకు తెలుసు.

జనవరి 27

కెజియా వచ్చింది. తలకు నూనె, రెండు జడలు, రిబ్బన్లు. మోకాళ్లపైకి పోయిన పాత యూనిఫాం. తన పాత చోట కూర్చుని ఒకటో తరగతి చేత దిద్దించడం మొదలుపెట్టింది. పిల్లలకు పండగే. ఇస్సాకు టేబుల్ కిందికి దూరాడు.

మధ్యాహ్నం దాకా దిద్దించనిచ్చాను. అన్నం తిన్నాక చెప్పాను, ఒక్కరోజుకే అన్నాను కదమ్మా అని. బాగనే చదివినా గదా టీచర్ అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

జనవరి 28

కెజియాను బడిలో ఊరికే కూర్చోనిద్దామా అని హరినాథ్ సార్‌ను అడిగాను. వీడియో అందరూ చూసినారమ్మా, ఆ పిల్ల బడిలో కనపడి ఎవరైనా ఆరా తీస్తే నీ ఉద్యోగమూ పాయె, నా ఉద్యోగమూ పాయె అన్నాడు.

సరే సార్ అన్నాను. ఎంత తొందరగా అన్నానో!

ఫిబ్రవరి 20

కెజియా కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడుతోంది, తమ్ముణ్ని చంకనేసుకుని. బోర్డుమీద రాసింది లోపలి పిల్లలకంటే ముందే చదివేస్తుంది. నేను చూడనట్టే ఉంటున్నాను. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా రాస్తున్నాను.

మార్చి 11

మా బడికి ఏ గ్రేడ్. ఆళ్లగడ్డ వైపునుంచి టీచర్లు మా బడి చూసి నేర్చుకోవడానికి వచ్చారు.

ఇంత ఎండలో ఆ కిటికీ ఎందుకు మూశారు మేడం అని అడిగారు.

దుమ్ము వస్తుందన్నాను.