చక్రాల మీద గది

నందిగామ

ప్రియమైన మార్తక్కకు, బావగారికి,

సుగుణ వందనాలు. దేవుని దయవల్ల మేమిద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదాని దగ్గు పోయిందా? ఉత్తరం ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. ఇక్కడి ఎండలకు కూడా అలవాటు పడ్డాం. మన వైపులాగా ఇక్కడ కాలవలు లేవు, చేపలు దొరకవు. జొన్నన్నం, పచ్చిమిరపకాయల పచ్చడి. మొదట గొంతు దిగేది కాదు, ఇప్పుడు నేనే అడిగి పెట్టించుకుంటున్నాను.

బళ్లో పిల్లలు మంచివాళ్లు. నీ మరిదికి ఆసుపత్రిలో కాంపౌండరు పని బాగానే ఉంది. ఇల్లు దొరకడమే కష్టమైంది. పంతులమ్మనని కూర్చోమనేవాళ్లు, మంచినీళ్లు ఇవ్వబోయేవాళ్లు. అంతలో "మీరేవాళ్లమ్మా?" అని అడిగేవాళ్లు. చెప్పగానే ఇంటికి చుట్టాలొస్తున్నారనేవాళ్లు. అలా చర్చి వరండాలోనే, దుప్పటి అడ్డం కట్టుకుని ఉన్నాం. నువ్వు బాధపడతావని రాయలేదు.

జగ్గయ్యపేటలో ఆయనకు తెలిసిన మస్తాన్ అనే లారీ మెకానిక్ ఉన్నాడు. అతని షెడ్డు వెనక ఒక పాత ట్రైలరు పడి ఉంది. జీపు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది అది. కాలవ సర్వేకొచ్చిన ఇంజనీరు అందులోనే పడుకునేవాడట. వెళ్తూ దాన్ని మస్తాన్‌కి వదిలేశాడు. "తీసుకుపోతే నాకు జాగా ఖాళీ అవుద్ది" అన్నాడు మస్తాన్. ఇద్దరం చూడటానికి వెళ్లాం.

తలుపు లాగితే ఊడి చేతికొచ్చింది. నేల చెక్కలు పుచ్చిపోయాయి, టైర్లు లేవు. మస్తాన్ కిందికి దూరి చూసి, "ఇనప చట్రం గట్టిగానే ఉందండి. పైదంతా కొత్తగా చేసుకోవాల్సిందే. నన్నడిగితే విప్పేసి ఇనుం అమ్ముకోవడమే నయం" అన్నాడు.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "మనుషులుండేదేనా సుగుణా ఇది? నిన్ను తీసుకొచ్చి డబ్బాలో పెట్టానంటారు మీవాళ్లు."

"అననీండి. అద్దె అడిగిన ప్రతి గుమ్మం దగ్గరా మీరు తల దించుకుని వస్తున్నారు. నేనది చూడలేకపోతున్నా" అన్నాను.

అంతలో వాన పట్టుకుంది. షెడ్డు దాకా పరిగెత్తలేక ముగ్గురం ఆ గదిలోకే ఎక్కాం. రేకు మీద వాన దడదడలాడుతోంది. ఆయన పైకి చూస్తూ, అరచేత్తో గోడలు తడుముతూ నాలుగు మూలలూ తిరిగాడు. కారుతున్నది కిటికీ పైన ఒక్కచోటే. వాన వెలిసేలోపు ఆయన ముఖం మారిపోయింది. "మస్తానూ, చేద్దాం" అన్నాడు.

అక్కా, ఆయన ఆసుపత్రి అయ్యాక బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లేవాడు. ఇద్దరూ కలిసి వేపపలకలు పరిచి, రేకు అతుకులకు తారు పోసి, పాత లారీ టైర్లు తొడిగారు. విప్పేయమన్న మస్తానే తలుపుకు నీలం రంగు వేశాడు. ఎడ్లు కట్టి తీసుకొచ్చాం. చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డు మీదికి ఎక్కేసరికి జనం మూగారు.

"ఏందమ్మా, నాటకాలోళ్లా?" అని అడిగింది ఒక ముసలామె.

"కాదవ్వా, మా ఇల్లు."

ఆమె నమ్మలేదు. ఎక్కి, బల్లమీద కూర్చుని, కిటికీ తీసి చూసింది. "గాలి బాగా ఆడతంది. సల్లంగుండండి" అని దిగింది. నీ మరిది పగలబడి నవ్వాడు. ఈ ఊరొచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

పాస్టరుగారు చర్చి వెనక ఖాళీ స్థలం చూపించారు. పొయ్యి బయటే, పాక వేసుకోవాలి. మధ్యాహ్నం రేకు కాగిపోతుంది, పైన కొబ్బరాకు కప్పాలనుకుంటున్నాం. నువ్వేమీ దిగులుపడకు. నిజంగా బాగానే ఉన్నాం.

మొన్న ఎరువుల కొట్టాయన ఆసుపత్రికి వచ్చి, "మా పశువుల కొట్టం పక్కన గది ఖాళీగా ఉంది. పెరటి వైపునుంచి వచ్చిపోతుంటే చాలు, ఇస్తా" అన్నాడట. ఈయన కట్టు కట్టడం పూర్తిచేసి, "మాకిల్లుందండి" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు.

ఎవరైనా ఇటొస్తే ఎండుచేపలు, నీ పాత చీర ఒకటి కిటికీ తెరలకు పంపు. అత్తకు, పెద్దవాళ్లందరికీ మా వందనాలు. మా కొత్త గది కోసం ప్రార్థన చేయండి.

మీ దీవెనలు కోరే చెల్లెలు,
సుగుణ