బాత్రూం గడపకు పసుపు రంగు

హఫీజ్‌పేట్, 1998, ఆదివారం

నిన్న అత్తమ్మ బాత్రూం గడప తట్టుకొని పడబోయింది. గోడ పట్టుకొని ఆగింది గాబట్టి సరిపోయింది. తుంటి విరిగితే దవాఖానల ఎన్ని నెలలో! "నా కండ్లు మంచిగనే ఉన్నయ్, ఫికర్ జెయ్యకు" అంటది. తెల్ల బండల నడుమ తెల్ల గడప ఎవరికి కనవడ్తది?

మా ఆయనేమో, హైటెక్ సిటీల వాళ్ల కొత్త ఆఫీసుకు గడపలే లేవు, దీన్ని గూడ తీయిద్దామన్నడు. తీస్తే నీళ్లన్నీ ఇంట్లకే.

పెద్ద తలుపు గడపకు మాత్రం అత్తమ్మ కాలు ఎన్నడూ తగల్లే. ఆ పసుపు రంగు, ఎర్ర బొట్లు కనవడంగనే కాలు దానంతటదే లేస్తది. అందుకే పొద్దున ఆమె గుడికి పోంగనే, మిగిలిన పసుపు రంగు తీసి బాత్రూం గడపకు ఏసిన.

వచ్చి చూసి ఒకటే లొల్లి. "బాత్రూంకు పసుపేందే? చూసినోళ్లు నవ్వరా?"

సాయంత్రం వంటింట్ల నుంచి చూస్తున్న. అత్తమ్మ ఆ గడప కాడికి రాంగనే కాలు ఇంతెత్తు లేపి దాటింది. దాటినంక ఎనకకు తిరిగి నన్ను చూసింది.

"ఎర్ర బొట్లేవే? ఏ పని జేసినా సగమేనా?"