ఈయన చెవులు

బుధవారం, రాత్రి

ఈయన ఇవాళ కూడా గ్యాస్ పవర్ ప్లాంటు డ్యూటీ నుంచి వచ్చి మెల్లగానే మాట్లాడిండు. నాకదే అనుమానం. అక్కడ గ్యాసుతో తిరిగే టర్బైన్ ఒకటి, దాని వేడికి పుట్టే ఆవిరితో తిరిగేది ఇంకొకటి. ఆ రెండింటి హోరులో పనిచేసి వస్తే చెవులు మొద్దుబారి, పడుకునేదాకా అరిచినట్టే మాట్లాడేవాడు. "ఇంట్ల టర్బైన్ లేదు, జర మెల్లగ" అని నేనే నవ్వేదాన్ని. ఈ నెలంతా ఆ కేకే లేదు.

"మిషన్లు నడుస్తున్నయా?" అని అడిగిన.

"అవ్, ఫుల్ లోడ్," అన్నడు, నా దిక్కు చూడకుండ.

ఉతుకుదామని తీస్తే నిన్న విప్పిన యూనిఫాంకు నూనె వాసన లేదు. గ్యాసు రాక ప్లాంటు ఆపేసిండ్రని మొన్న చర్చిలో అన్నరు. మరి పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని, తల్లాడ బస్సెక్కి ఎటు పోతున్నడు?

దీపాల వేళ వంటింట్లో మోకరించి, పెదవులు కదిలీ కదలనట్టు ప్రార్థన చేసిన. "తండ్రీ, ఈయన రోజూ ఎటు పోతున్నడో నాకు నిజం చెప్పించు." నా గొంతు మామూలు చెవులకే పక్క గదిలో వినపడీ వినపడదు. టర్బైన్ పక్కన నిలబడి వచ్చిన మనిషికి అసలే వినపడదు.

వరండాలో బూట్లు విప్పుకుంటూ "ఆమెన్" అన్నడు, మెల్లగానే.