సమాధి మీద కలబంద

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ప్రార్థన కోసం సమాధి దగ్గరకు వెళ్తే, నువ్వు కోరి నాటమన్న కలబంద లేదు. బావ దాన్ని పీకేసి మెట్టతామర పెట్టాడు. ఆ వెడల్పాటి ఆకులన్నీ వాడి వేలాడుతున్నాయి.

"ముళ్ళ మొక్క, గందాగా కనిపిస్తంది. జనం ఏటనుకుంటారు?" అన్నాడు.

"ఎండాకాలం నల్లా మూడు రోజులకోసారి వస్తంది. దీనికి పానీ నువ్వు మోత్తావేటి బావా?" అని అడిగాను.

నీ బడి పిల్లల పాఠం కోసం మనిద్దరం ఆకులకు ప్లాస్టిక్ కవర్లు కట్టాం కదా. సాయంత్రానికి మెట్టతామర కవర్లో రెండు చెంచాల నీళ్ళు చేరాయి. కలబంద కవరు దాదాపు పొడిగానే ఉంది. మందమైన ఆకు, పైన మైనపు పొర, పగలు మూసుకునే సన్నటి రంధ్రాలు అని నువ్వు చెప్పావు. చెంచాతో కొలిచింది నేను. పక్కనే కూర్చుని టీ తాగిన ఆ మనిషికి ఒక్క ముక్క ఎక్కలేదు.

మెట్టతామర పీకేసి, మా పెరటి కలబంద పిలక నాటి వచ్చాను. బావ మీద కోపం రేపటికి చల్లారుతుంది. నీ మీద కోపమే చల్లారదు. నీకోసం ఎవరూ నీళ్ళు మోయరని లెక్కవేసుకునే కదా దాన్ని కోరావు! ఆ లెక్కలో నన్నెందుకు కలిపావు?