ఎవరూ గుర్తుపట్టని విమానం

చిక్కడపల్లి,
18-8-1996.

నర్మదక్కకు తమ్ముడు ప్రహ్లాద్ నమస్కారం. ఈడ నేను, నళిని మంచిగనే ఉన్నం. నాగపూర్ల నువ్వు, బావ, పిల్లలు మాకంటే మంచిగుండాలె.

నా షుగర్ ఎట్లుందని అడిగినవ్. నాకంటే అదే ఆరోగ్యంగ ఉంది. బాపు స్కూటర్ అమ్మినవా అన్నవ్. మొన్న ఒకాయన వచ్చి చూసిండు, నవ్వి పోయిండు. ఇల్లు కురుస్తలేదు, వాన పడుతలేదు గనుక.

ఇగ ఫొటో సంగతి. బావ దోస్తు నడిపే విమానాల పత్రికల బాపు సంవత్సరీకానికి ఆ ఫొటో వేస్తరని, "కిషన్ రావు గారికి దొరికిన, ఎవరూ గుర్తుపట్టని విమానం" అని రాస్తరని, జల్ది పంపుమని అడుగుతనే ఉన్నవ్. ఒకసారి జ్వరమన్న, ఒకసారి పోస్టాఫీసు బందన్న. రెండూ అబద్ధమే అక్కా. అది అచ్చయితే జనం బాపు పేరు చెప్పుకొని నవ్వుతరు. అసొంటి విమానమే లేదు.

బేగంపేట ఏర్‌పోర్టుల మెకానిక్ పనికెళ్లి రిటైరైనంక ఆయనకు పాత విమానాల ఫొటోలే లోకం గద. లైబ్రరీల కూసొని, ఫొటో మీద పోస్టుకార్డు పెట్టి అంత మూసి, తోక ఒక్కటే చూసేటోడు. తర్వాత చక్రాలు, కిటికీలు. పేరు చెప్తే తప్పు పోకపోయేది. నేను పోయి పక్కన నిలబడితే మాత్రం, "ఎనిమిదో తరగతి దాటనోనివి, నీకేం సమజైతదిరా? స్టూడియోల మొఖాల మీద మచ్చలు తుడుసుకో పో" అనేటోడు. అందరు నవ్వేటోళ్లు. నేను గూడ నవ్విన.

నారాయణగూడ స్టూడియోల టచింగ్ చేసేది నేనే. ఒక విమానం ఒళ్లు, ఇంకోదాని తోక కోసి అతికించి, అతుకు మీద బ్రష్షు నడిపి, మళ్ల ఫొటో తీసి కడిగిన. "ఎవరో గిరాకీ స్టూడియోల మర్చిపోయి పోయిండు. బాపు, ఇదే విమానమో చెప్పు" అని చేతుల పెట్టిన. వారం రోజుల ఆట అనుకున్న. ఆయన ఎవరడిగినా "దీని పేరు ఇంకా దొరుకుతలేదు" అని, దాన్ని ఫ్రేము కట్టించి మంచం ముందట గోడకు తగిలిచ్చిండు. రెండేండ్లు, బువ్వకాడ ఒకటే ముచ్చట.

"ఆ ఫొటో ఎవరు తెచ్చిండ్రురా?"

"యాదికి లేదు బాపు."

"యాది చేసుకో."

లోపల్లోపల నవ్వుకునేటోన్ని. దవాఖానల పండినప్పుడు గూడ అదే అడిగిండు. ఆ దినం నవ్వు రాలే. నిజం గూడ నోట్లకెళ్లి రాలే.

నిన్న దాన్ని చింపేద్దామని ఫ్రేము ఇప్పిన. ఫొటో వెనక బాపు పెన్సిల్ రాత ఉంది.

"ఒళ్లు ఆన్సన్ విమానంది. తోక డవ్. ఒంటి నీడ ఎడమకు, తోక నీడ కుడికి పడ్డది. అతుకు మాత్రం భూతద్దానికి గూడ దొరకలేదు. పని బాగుంది. చేసింది ప్రహ్లాద్."

కింద తేదీ ఉంది. నేనిచ్చిన తెల్లారిదే.

ఆయన్ని నేను ఆడిస్తున్న అనుకున్న అక్కా. ఒప్పుకుంటనా అని రెండేండ్లు ఆయనే చూసిండు. పది మంది ముందట తిట్టుడు ఎరికైన మనిషి, మెచ్చుకున్న ఒక్క మాటను గోడ దిక్కు తిప్పి పెట్టిండు.

ఫొటో ఈ ఉత్తరంలనే పెట్టి పంపుతున్న. బావ దోస్తుకు చెప్పు, ముందు దిక్కు గాదు, వెనక దిక్కు అచ్చెయ్యమను. నా పేరు గూడ తీసెయ్యొద్దను.

ఇట్లు,
ఎనిమిది దాటని నీ తమ్ముడు
ప్రహ్లాద్